ఆకుపచ్చ ప్లేటు

ఆ మెక్సికన్ రెస్టారెంట్‌లో కౌంటర్ దగ్గర నిలబడే ఆవిడంటే నాకు పడదు. చదువుతూ పోతే చివర్లో నేను మారిపోతానని ఎవరైనా అనుకుంటారేమో, ముందే చెప్తున్నాను, ఇప్పటికీ పడదు. ఆవిడకీ నేనంటే పడదు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ తేడా రాలేదు.

టెక్సస్‌లోని ప్లేనోలో మేము మొదట దిగిన హోటల్‌కి ఎదురుగా రోడ్డు దాటితే ఒక షాపుల వరుస ఉంది. ఒక లాండ్రీ, ఒక టైర్ల షాపు, రెండిటి మధ్య ఈ రెస్టారెంటు. పది పన్నెండు టేబుళ్ళు, వాటి మీద పూలపూల ప్లాస్టిక్ గుడ్డలు, ఎప్పుడు చూసినా సాకర్ నడుస్తుండే టీవీ. కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్తే నంబరున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి చేతికిస్తారు, దాన్ని టేబుల్ మీద పెట్టుకుని కూర్చోవాలి. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, జుట్టంతా వెనక్కి లాగి గట్టిగా ముడి వేస్తుంది. లోపల ఇద్దరు వంటవాళ్ళున్నా కొట్టూ ఆవిడదే, మాటా ఆవిడదే.

నా భార్యది రాజమండ్రి. వాళ్ళింట్లో గుడ్డు పగలగొట్టిన గిన్నెని కూడా వంటింట్లోకి రానివ్వరు. మాది గుంటూరు దగ్గర. ఒక ఆదివారం మా ఇంట్లో కోడికూర వాసన రాకపోతే, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని పక్కింటివాళ్ళు అడిగేవాళ్ళు. ఇంజనీరింగ్‌లో ఇద్దరిదీ ఒకే క్లాసు. మా పెళ్ళికి వాళ్ళవాళ్ళు ఒప్పుకోడానికి నాలుగేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక తను నాకు పెట్టిన షరతు ఒక్కటే.

"నువ్వేం తిన్నా నాకు అభ్యంతరం లేదు. నా పక్కన కూర్చునే తిను. కానీ నా ప్లేట్‌లోకి ఏం వస్తోందో నాకు తెలియాలి. ఆ ఒక్క విషయంలో నాకు అబద్ధం చెప్పకు."

ఇంతేనా అని నవ్వాను. ఇంతే అంది. తను మాత్రం నవ్వలేదు.

మేము దిగిన రోజు జూలై ఎండ మండిపోతోంది. విమానంలో తనకి రావలసిన వెజిటేరియన్ భోజనం ఎక్కించనేలేదట. పచ్చళ్ళూ, పొడులూ, రైస్ కుక్కరూ ఉన్న సూట్‌కేసు ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. అప్పటికి ఒకటిన్నర రోజుగా తను రెండు అరటిపళ్ళ మీదా ఒక బిస్కెట్ పాకెట్ మీదా ఉంది. రోడ్డు దాటి ఈ రెస్టారెంట్‌లోకి వచ్చి, మొదట కనబడిన కుర్చీలో కూలబడింది.

నేను కౌంటర్‌కి వెళ్ళి, అన్నమూ బీన్సూ చూపించి వెజిటేరియనేనా అని అడిగాను. మాంసం లేదంది ఆవిడ. అని ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక తెల్ల డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. డబ్బా మీద పంది బొమ్మ ఉంది. బీన్స్ ఇందులోనే వేయిస్తామని గరిట తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపించింది. అన్నం కూడా కోడిని ఉడికించిన నీళ్ళతో వండుతామంది. ఆవిడ ఇంగ్లీష్ అంతంతమాత్రమే అయినా ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

వెనక్కి తిరిగి చూశాను. తను టేబుల్ మీద తల పెట్టుకుని ఉంది. పర్లేదు, తనకి చెప్పకండి, అన్నాను ఆవిడతో. అర్థమయిందో లేదోనని పెదాల మీద వేలు పెట్టుకుని మరీ చూపించాను. ఆవిడ నన్ను పై నుంచి కింద దాకా ఒకసారి చూసి డబ్బా తీసేసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిస్తుంది.

ప్లేటు తెచ్చి తన ముందు పెట్టి, "ప్యూర్ వెజ్. అడిగి మరీ తెచ్చా," అన్నాను.

తను ఊపిరి తీసుకోకుండా తిన్నది. సగం అయ్యాక తలెత్తి, "బీన్స్ భలే ఉన్నాయి. నెయ్యి వేసినట్టున్నారు," అంది. ఇంటి నుంచి బయల్దేరాక తను నవ్వడం అదే మొదలు.

ఒక్కసారికే కదా అనుకున్నాను. సూట్‌కేసు వచ్చేస్తుంది, వండుకుంటాం, మళ్ళీ ఈ గుమ్మం తొక్కేది లేదు. తినేసింది తినేసింది, ఇప్పుడు చెప్తే అది వెనక్కి రాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నాకు మంచి పేరుంది.

అలా జరగలేదు. ఆఫీస్‌కి దగ్గరని ఆ రోడ్డులోనే అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. తనకి వర్క్ పర్మిట్ రాలేదు, డ్రైవింగ్ రాదు. పగలంతా ఇంట్లో ఒక్కతే. నడిచి వెళ్ళగలిగినవి లాండ్రీ, టైర్ల షాపు, ఆ రెస్టారెంటు. లాండ్రీకి బట్టలు తీసుకెళ్ళి, అవి ఆరేదాకా పక్కన కూర్చునేది. పక్కనంటే అక్కడే. మూడో వారానికల్లా బియ్యం, దాల్చినచెక్క కలిపి చేసే ఆ చల్లటి పాలరంగు పానీయం తనకి అలవాటైపోయింది. రెండో నెలకి స్పానిష్‌లో అంకెలు లెక్కపెడుతోంది. ఆవిడ తనని మీహా అంటుందట. "మనం తల్లీ అన్నట్టు," అని మురిసిపోతూ చెప్పింది.

నాకు భయం పట్టుకుంది. ఈ ముసలావిడ ఏదో ఒక రోజు చెప్పేస్తుంది. మీ ఆయన ఇలా వేలు పెట్టుకుని చూపించాడమ్మా అంటుంది. ఆ భయం నాకు కోపంగా మారడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. భయం మొయ్యడం కష్టం, కోపం సుళువు.

అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకూ ఆవిడకీ మాట లేని యుద్ధమే. అందరికీ ఉచితంగా ఇచ్చే మొక్కజొన్న చిప్స్ వేడివేడిగా బుట్ట నిండా వచ్చేవి, నాకు అడుగు బొడుగు విరిగిన ముక్కలు. అందరి నంబరూ రెండుసార్లు పిలిచేది, నాది ఒక్కసారి, అదీ గొణిగినట్టు. గ్లాసులో ఐస్ వద్దంటే ఐస్ నిండిన గ్లాసులో కాసిని నీళ్ళు వచ్చేవి. నేనేమైనా తక్కువా? సల్సా అనే ఆ టమాటా పచ్చడి నీళ్ళలా ఉందనేవాణ్ణి, రొట్టె చల్లారిందనేవాణ్ణి, టేబుల్ జిడ్డుగా ఉందని ఆవిడకి కనబడేలా నాలుగు నాప్‌కిన్లతో తుడిచేవాణ్ణి. "నీకెందుకు ఆవిడంటే అంత కోపం?" అని తను అడిగితే, కస్టమర్‌తో ప్రవర్తించే పద్ధతి అదేనా అనేవాణ్ణి.

అన్నిటికంటే నాకు మండేది ఇంకొకటి ఉంది. ఇద్దరం ఒకేసారి ఆర్డర్ చెప్తే నా ప్లేటు అయిదు నిమిషాల్లో వచ్చేది. తనది పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. నాకు మామూలు తెల్ల ప్లేటు, తనకి అంచు విరిగిన పాత ఆకుపచ్చ ప్లేటు. ఎప్పుడూ అదే. ఒకరోజు పట్టలేక లేచి కౌంటర్‌కి వెళ్ళాను.

"ఆమెది ఎప్పుడూ ఎందుకు లేట్? ఆమెకే ఆ విరిగిన ప్లేటెందుకు?"

"ఆమెది వేరే," అంది ఆవిడ. అని నంబర్ ఇరవై మూడుని పిలిచింది.

వేరే అంటే ఏమిటని నేను అడగలేదు. నా మీద కోపం తన మీద తీర్చుకుంటోందని అప్పటికే తేల్చేసుకున్నాను. టేబుల్ దగ్గరికి వచ్చి అదే మాట తనతో అంటే, తను నా మొహంలోకి కాసేపు చూసి, "నాకేం తొందర లేదులే," అంది.

మావాళ్ళ సంగతి కూడా చెప్పాలి. శుక్రవారం లంచ్‌కి ఆఫీస్ నుంచి పన్నెండు మందిమి వెళ్ళేవాళ్ళం. నేనొద్దన్నా వినేవాళ్ళు కాదు. మూడు టేబుళ్ళు ఈడ్చి కలిపేసేవాళ్ళం. ఆర్డర్ చెప్పకముందే నాలుగు బుట్టల చిప్స్ ఖాళీ. ఒకడికి ఉల్లిపాయ ఎక్కువ, ఒకడికి పుల్లటి మీగడ వద్దు, ఒకడికి నిమ్మకాయ చెక్కలు. వరంగల్ నుంచి వచ్చిన కొలీగ్ ఒకడు జేబులోంచి కారప్పొడి సీసా తీసి వాళ్ళ అన్నం మీద చల్లుకునేవాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ సీసాని చూస్తూ నిలబడింది ఒకసారి. తరవాతి శుక్రవారం మేము కూర్చోగానే, కాల్చిన పచ్చిమిరపకాయలకి ఉప్పు పట్టించి నిమ్మరసం పిండి గిన్నెడు తెచ్చి మధ్యలో పెట్టింది.

"చూశారా, వెక్కిరిస్తోంది," అన్నాను.

"ఏం వెక్కిరింపన్నా, మంచిగ ప్రేమతోని పెట్టింది. నీకేమైంది?" అన్నాడు కొలీగ్, రెండు మిరపకాయలు ప్లేట్‌లో వేసుకుంటూ.

మేమంతా చికెన్ వేసినవే తెప్పించుకునేవాళ్ళం. బీఫ్ వద్దు, పోర్క్ వద్దు అని ప్రతివాడూ చెప్పేవాడు. పక్కనున్న బీన్స్ ఎందులో వేయించారని ఒక్కడూ అడగలేదు. ఆవిడ అడిగినవాళ్ళకి డబ్బా చూపించే మనిషి. నేను పక్కన కూర్చుని, నోరు మూసుకుని, తిన్నాను.

అలా మూడేళ్ళు గడిచాయి. తనకి పర్మిట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కారు నడపడం వచ్చింది. ఆ రెస్టారెంట్ అలవాటు మాత్రం పోలేదు. మేము ఇల్లు కొన్నాం. అక్టోబర్‌లో గృహప్రవేశం పెట్టుకున్నాం. పొద్దున వ్రతం, మామూలు తెలుగు భోజనాలు. సాయంత్రం ఫ్రెండ్స్ అందరికీ ఏం పెడదాం అంటే, మెక్సికన్ కౌంటర్ పెట్టిద్దాం అంది తను. ఆవిడే వచ్చి పెరట్లో పెడుతుందట, అప్పుడే మాట్లాడేసిందట.

నేను తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టాను. వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి తన పిన్ని వస్తోంది. ఉల్లిపాయ తిన్నా ఆ రోజు దేవుడి గదిలోకి వెళ్ళని మనిషి. పొద్దున సత్యనారాయణస్వామి ప్రసాదం తిన్న చేతులతో, సాయంత్రం అదే ఇంట్లో, పంది కొవ్వులో వేయించిన బీన్స్.

"ఏమైనా అభ్యంతరమా?" అంది తను.

"అంతమందికి ఆవిడ చెయ్యగలదా అని."

"చెయ్యగలదు."

రెండు రోజుల తరవాత కూరగాయలు తరుగుతూ, "మెక్సికన్ కౌంటర్ ఖాయం చేసెయ్యనా? నీకేమైనా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పు," అంది. కారం ఎక్కువైతే పిన్నికి పడదేమో అన్నాను. ఆ శనివారం కారులో, డ్రైవ్ చేస్తూ రోడ్డు వైపే చూస్తూ మూడోసారి అడిగింది. ఈసారి శుభ్రత గురించి ఏదో అన్నాను. "సరే," అంది. ఆ సరేలో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. నా బుర్ర వేరే పనిలో ఉంది.

ఆ పని ఇది. సోమవారం ఆఫీస్‌లో నా డెస్క్ దగ్గర కూర్చుని, కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి, ఎవరిదీ కాని పేరు పెట్టుకుని, ఆ రెస్టారెంట్‌కి ఒక స్టార్ రివ్యూ రాశాను. మూడేళ్ళుగా మాకు వెజిటేరియన్ అని చెప్పి పంది కొవ్వుతో చేసిన బీన్స్ పెట్టారు, మొదటిరోజే స్పష్టంగా అడిగాం, కౌంటర్‌లో ఆవిడ లేదని చెప్పింది, హిందువులెవరూ వెళ్ళకండి. రాసి రెండుసార్లు చదువుకున్నాను. బాగా వచ్చిందనిపించింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, హాయిగా కూడా అనిపించింది. తనకి నిజం తెలుస్తుంది, రెస్టారెంట్ పోతుంది, కౌంటర్ పోతుంది, నేను మాత్రం మోసపోయిన మొగుడిగా తన పక్కనే నిలబడతాను.

లంచ్‌కి ముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఎవరో పెట్టారు చూడండంటూ మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పడేశాను. రెండు వందల మంది ఉన్న గ్రూపు. సాయంత్రానికి అట్టుడికిపోయింది. ఒకాయన పిల్లలకి కడుపునొప్పి ఎందుకొస్తోందో ఇప్పుడు అర్థమైందన్నాడు. ఒకామె ప్రాయశ్చిత్తం ఏమైనా ఉందా, పూజారిగారిని కనుక్కోండి అంది. కోర్టుకి లాగాలన్నవాళ్ళున్నారు. ఎప్పుడూ ఆ గుమ్మం ఎక్కనివాళ్ళు కూడా నాలుగేళ్ళుగా మోసపోయామన్నారు. చదివినవాళ్ళు చదివినట్టు రివ్యూలు కొట్టడం మొదలెట్టారు. వరంగల్ కొలీగ్ నాకు విడిగా, "అన్నా, గిదేందే? మనమందరం తిన్నం గదనే," అని పంపాడు. శుక్రవారం పన్నెండు మందిమీ శాండ్‌విచ్‌లు తిన్నాం.

ఇంట్లో తను ఆ వారమంతా ఏమీ అనలేదు. ఫోన్ చూసింది, పక్కన పెట్టింది. నేను ఎంత కోపం నటించినా, చూశావా మూడేళ్ళు ఎలా మోసం చేసిందో అని ఎంత ఊగిపోయినా, వింది అంతే. శనివారం మధ్యాహ్నం తాళాలు తీసుకుని, "పద. వెళ్ళి అడుగుదాం," అంది.

వద్దన్నాను. అలాంటివాళ్ళతో మాటలేమిటన్నాను. తను కారు స్టార్ట్ చేసి కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం సందు లేకుండా ఉండే చోట నలుగురు లేరు. టీవీ నడుస్తోంది, చూసేవాళ్ళు లేరు. ఆవిడ కౌంటర్ వెనక ఎత్తు స్టూల్ మీద కూర్చుని ఉంది. ఆవిడ కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి లేవలేదు, తనని చూసి లేచింది.

నేను ముందే దూకాను. నటన సగంలో ఆపితే దొరికిపోతాం కదా. "మాంసం లేదని చెప్పావు. వెజిటేరియన్ అని చెప్పావు. మూడేళ్ళు! నా భార్య జన్మలో ముట్టని మనిషి," అని కౌంటర్ మీద చేత్తో కొట్టాను. మూల కూర్చున్న ఒక జంట తలలు తిప్పింది. ఆవిడ బదులు చెప్తుందని, డబ్బా సంగతి ఎత్తుతుందని, ఎత్తితే అబద్ధమని అరవాలని లోపల సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు. తన వైపు చూసి, చెప్పనా అన్నట్టు తల కొద్దిగా ఎగరేసింది. తను వద్దన్నట్టు తలూపింది.

"కూర్చో," అంది తను నాతో, తెలుగులో.

కూర్చున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళింది. తను నాకు ఎదురుగా కూర్చుని, టేబుల్ మీది ప్లాస్టిక్ గుడ్డ అంచుని సరిచేసింది.

"మనం వచ్చిన రెండో వారంలో లాండ్రీకి వచ్చినప్పుడు ఒక్కదాన్నే ఇక్కడికి వచ్చా. బీన్స్ ఎలా చేస్తారో నేర్పమని అడిగా, ఇంట్లో నీకు చేసి పెడదామని. ఆవిడ డబ్బా తెచ్చి చూపించింది."

నేను లోపలి తలుపు వైపు చూశాను.

"నువ్వేమన్నావో కూడా చెప్పింది. వేలు ఎలా పెట్టావో చూపించింది. నేను బయటికి పరిగెత్తి ఆ పార్కింగ్‌లో వాంతి చేసుకున్నా. నాకు నీళ్ళిచ్చింది ఆవిడ. వీపు రాసింది ఆవిడ. ఆ రోజు నుంచి నాది వేరే గిన్నె. నూనెతో చేస్తుంది, అన్నం నీళ్ళతో వండుతుంది. కలిసిపోకుండా ఆ ఆకుపచ్చ ప్లేటు నా ఒక్కదానికే ఉంచింది. అందుకే లేటు."

"నాకు... ఆ రోజు నువ్వు రెండు రోజులుగా ఏమీ తినలేదు. నిన్ను అలా చూడలేక..."

"ఇరవై నిమిషాలు ఆగమందట."

ఈ ముక్క మీకు కూడా చెప్పలేదు. ఆ మొదటిరోజు ఆవిడ డబ్బా చూపించాక, కావాలంటే నూనెతో వేరేగా చేస్తాను, ఇరవై నిమిషాలు పడుతుంది అంది. రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు విప్పి చూపించింది. నేను వద్దన్నాను. తనకి ఆకలిగా ఉందనే వద్దన్నానని ఇన్నేళ్ళు అనుకుంటూ వచ్చాను. నాకూ ఆకలిగా ఉంది. ఆ ఎండలో నాకు విసుగ్గా ఉంది. తెలియకపోతే ఏమైపోతుందిలే అనిపించింది. అంతే, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదు?" అన్నాను. ఆ స్థితిలో కూడా నా గొంతులో నిష్ఠూరం పలికింది.

"అడిగితే చెప్పేవాడివి. అడక్కుండా చెప్తావా అని చూశా," అంది తను. "మొదటి ఏడాది రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెప్తాడేమో అని. తరవాత మానేశా. ఈ గృహప్రవేశానికి మూడుసార్లు అడిగా. చెప్పకపోయినా సరిపెట్టుకునేదాన్నేమో. నువ్వు ఆ తప్పు ఆవిడ మీదకి నెట్టావు."

రివ్యూ నేనే రాశానని ఎలా తెలుసని అడగబోయి మానేశాను. మొదటిరోజు అడిగాం, లేదంది అని రాశాను. ఆ మొదటిరోజు కౌంటర్ దగ్గర ఉన్నది ఇద్దరమే. అందులో ఒకరు తనకి ఎప్పుడో నిజం చెప్పేశారు.

ఆవిడ రెండు ప్లేట్లు తెచ్చింది. తనకి ఆకుపచ్చది, నాకు తెల్లది. నాది టేబుల్ మీద పెట్టిన చప్పుడుకి మూల కూర్చున్న జంట మళ్ళీ తిరిగి చూసింది. తను మెల్లగా, ఎప్పటిలాగే కలుపుకుని తిన్నది. నేను ముట్టుకోలేదు. తినడం అయ్యాక, "నీ ఫోన్ తియ్యి," అంది. రివ్యూ తీసేయించింది. గ్రూప్‌లో ఏం రాయాలో మాత్రం తను చెప్పలేదు. అది నన్నే రాయమంది.

ఆ రివ్యూ రాసింది నేనే, అది అబద్ధం, ఆవిడ మొదటిరోజే నాకు చెప్పింది, నా భార్యకి చెప్పనిది నేను. ఈ నాలుగు ముక్కలు టైప్ చెయ్యడానికి నాకు పావుగంట పట్టింది. నాలుగు గంటలకి పంపాను. మొన్న అట్టుడికిన గ్రూపులో ఆ రోజంతా ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. రెండు వందల మంది చదివారని మాత్రం ఫోన్ చూపించింది. వరంగల్ కొలీగ్ సోమవారం ఆఫీస్‌లో కనబడి, "వదినకి గిట్లెట్ల చేస్తవన్నా?" అన్నాడు. నెల తరవాత శుక్రవారం లంచ్‌లు మళ్ళీ మొదలయ్యాయి, నన్ను పిలవకుండా. బీన్స్ నూనెలో చేసినవి కావాలని ముందే చెప్తారట. అందరూ తిరిగి వెళ్ళలేదు. అబద్ధమని తెలిశాక కూడా, ఎందుకొచ్చిన గొడవలే అని మానేసినవాళ్ళే ఎక్కువ. పెట్టిన రివ్యూలు తీసేసినవాళ్ళు మరీ తక్కువ.

ఒకరోజు ఒక్కణ్ణే వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి సారీ చెప్పాను. రెండు మూడు వాక్యాలు తయారు చేసుకుని వెళ్ళాను. ఆవిడ చివరిదాకా విని, "ఆర్డర్?" అంది. ఏదో చెప్పాను. నంబరు ముక్క నా ముందుకి తోసింది. ఆ రోజు కూడా నా నంబరు ఒక్కసారే పిలిచింది.

గృహప్రవేశం అనుకున్న రోజే జరిగింది. సాయంత్రం పెరట్లో మెక్సికన్ కౌంటర్ పెట్టాం, ఆవిడే వచ్చింది. ఎవరూ అడక్కుండానే మూత మీద పచ్చ రిబ్బన్ కట్టిన గిన్నెని పిన్ని ముందుకి తీసుకెళ్ళి, అందులో ఏమేం వేసిందో తన చేత తెలుగులో చెప్పించి, అప్పుడు వడ్డించింది. పిన్ని రెండోసారి పెట్టించుకుంది. వెళ్ళేటప్పుడు ఆవిడ తనని కావలించుకుంది, పిన్నికి నమస్కారం పెట్టింది, నా పక్క నుంచే నడిచి కారెక్కింది.

తను నన్ను వదిలేస్తుందేమోనని కొన్నాళ్ళు భయపడ్డాను. వదల్లేదు. మాట్లాడుతుంది, నవ్వుతుంది, నా మీద జోకులు కూడా వేస్తుంది. బయటివాళ్ళెవరికీ తేడా తెలియదు. వారంలో నాలుగు రోజులు టిఫిన్ నేనే చేస్తాను. నిన్న పొద్దున ఉప్మా చేసి తన ముందు పెట్టాను. మా ఇంట్లో, మా గిన్నెలో, తను కొన్న రవ్వతో చేసిన ఉప్మా. తను చెంచా చేతిలోకి తీసుకుని, తినకుండా, నా వైపు చూసింది.

"ఇందులో ఏమేం వేశావు?"

రోజూ అడుగుతుంది. నేను రోజూ చెప్తాను. రవ్వ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఆవాలు, శనగపప్పు, నూనె, ఉప్పు, నీళ్ళు. తను అన్నీ చివరిదాకా వింటుంది. విన్నాక అప్పుడు తింటుంది.